‘ఇప్పుడే వద్దు’ అనగలిగే వయసు

ప్రియమైన పిల్లలకు,

వేసవిలో వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిలు బడి) ముగిసిందంటే చాలు, పదేళ్లవాళ్లూ పన్నెండేళ్లవాళ్లూ పాస్టరుగారి దగ్గరికెళ్లి “నేనూ బాప్తిస్మం తీసుకుంటానండీ” అంటారు. అమ్మ మురిసిపోతుంది. నాన్న “ఇంత చిన్నదానికి ఏం తెలుసని?” అంటాడు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం.

మొదట మీది ఏ సంఘమో చూసుకోండి. ఆర్‌సీఎం (రోమన్ కతోలిక), సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ సంఘాల్లో పసిబిడ్డకే నీళ్లు పోసి బాప్తిస్మం ఇస్తారు. బిడ్డ తరఫున పెద్దలు మాట ఇస్తారు. కతోలికుల నియమాలు ఇందులో ఖచ్చితం: తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డ విశ్వాసానికి అండగా నిలబడే జ్ఞాన తల్లిదండ్రులకు మామూలుగా 16 ఏళ్లు నిండాలి. బిడ్డకు ఏడేళ్లు దాటాయంటే ఇక పెద్దవాళ్ల లెక్కే. తనంతట తాను కావాలనాలి, ముందుగా నేర్చుకోవాలి. అంటే పసివాళ్లకు ఇచ్చే సంఘం కూడా ఎనిమిదేళ్ల పిల్లని అడక్కుండా ఇవ్వదన్నమాట. పసితనంలో పెద్దలు ఇచ్చిన మాటను పెద్దయ్యాక కన్ఫర్మేషన్ అనే ఆరాధన నాడు మీరు మీదిగా చేసుకుంటారు. నీళ్లలో ముంచి ఇచ్చే బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు సంఘాల్లో మాత్రం మొదటి మాటే మీ నోట రావాలి. అందుకే ఈ తర్జనభర్జనంతా ఎక్కువగా అక్కడి పిల్లలకే.

బైబిలు వాక్యాలను రెండు వైపులవాళ్లూ చూపిస్తారు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటివాళ్లందరితో కలిసి బాప్తిస్మం పొందాడని అపొస్తలుల కార్యములు 16లో ఉంది. ఆ ఇంట్లో చంటిపిల్లలున్నారా అన్నది అక్కడ రాయలేదు. పసితనపు బాప్తిస్మం చాలదని 1525 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో కొందరు మళ్లీ తీసుకున్నారు. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని రెండేళ్లకు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. అయిదు వందల ఏళ్లుగా తెగని వాదం, మీ సండే స్కూల్లో తెగదులెండి.

నన్నడిగితే చూడాల్సింది ఒకటే. వద్దన్నా, తర్వాత అన్నా మీకు పోయేదేమీ లేనప్పుడు చెప్పిన ‘సరే’ మాత్రమే లెక్క. ఇది పెద్దలకూ వర్తిస్తుంది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి పని చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం అడుగుతున్నా కరువు సాయం నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనని ఆయన సందేహం. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు.

మీ మీద ఉండే ఒత్తిళ్లు వేరు. అన్నిటికంటే పెద్దది ప్రభువు బల్ల. ముంచే సంఘాల్లో చాలాచోట్ల బాప్తిస్మం లేనివాళ్లకు రొట్టె, ద్రాక్షారసం ఇవ్వరు. పళ్లెం మీ దాకా వచ్చి మిమ్మల్ని దాటిపోతుంటే చిన్నతనంగా ఉంటుంది. ఆ కోరిక తప్పేమీ కాదు గానీ, దానికోసమే నీళ్లలో దిగుతున్నారేమో చూసుకోండి. రెండోది జత: బాబాయిగారి అబ్బాయి తీసుకుంటున్నాడు కాబట్టి మీరూ. మూడోది మొక్కు. “జ్వరం తగ్గితే వీడికి బాప్తిస్మం ఇప్పిస్తా” అని అమ్మ అనుకుని ఉండొచ్చు. అది అమ్మ పెట్టుకున్న మాట, మీరు తీర్చాల్సిన బాకీ కాదు. రిట్రీట్‌లో (ప్రార్థనా శిబిరంలో) ఆఖరి రాత్రి పాటల మధ్య చెయ్యెత్తారా? మంచిదే. బడి తెరిచి, యూనిట్ పరీక్షలు అయ్యాక కూడా అదే కోరిక ఉంటే అప్పుడు అడగండి. హాస్టల్లోనో బడిలోనో ప్రార్థనకు తప్పకుండా రావాల్సిందేనని ఎవరైనా అంటే మాత్రం ఇది గుర్తుంచుకోండి: ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు ఉన్న బడిలో మైనరును సంరక్షకుల అనుమతి లేకుండా మతబోధకు, ఆరాధనకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది.

సంఘ పెద్దలు “రక్షణ పొందావా? ఎప్పుడు?” అని అడుగుతారు. అంటే, యేసును నమ్మి మారింది ఎప్పుడని. పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. పక్కవాడి సాక్ష్యం బట్టీపట్టి ఒక తేదీ అప్పజెబుతారు. తేదీ లేకపోతే లేదనండి. ఇలాంటి ప్రశ్నలకు సొంత మాటల్లో నాలుగు వాక్యాలు చెప్పగలిగితే చాలు. పెద్దలు “ఒక సంవత్సరం ఆగమ్మా” అన్నారా, అది శిక్షేమీ కాదు. ఆగలేకపోతున్నారంటే ఎందుకో పాస్టరుగారితోనే చెప్పండి. ఇంట్లో తెలియకుండా ఇస్తామనే చోటికి మాత్రం, 18 నిండేదాకా, వెళ్లకండి.

నీళ్ల సంగతి. పాస్టరుగారికి నడుము లోతు మీకు గుండెల దాకా వస్తుంది, ముందే ఆ సంగతి చెప్పండి. పొట్టివాళ్లు కాళ్లు ఆనక బెదిరి ఆయన చెయ్యి వదిలేస్తారు. జేబురుమాలుతో ముక్కు మూసుకుని, మోకాళ్లు కొంచెం వంచి వెనక్కి వాలితే చాలు, ఆయన చెయ్యి మెడ కింద ఉంటుంది. తెల్లబట్టలు తడిస్తే ఒంటికి అంటుకుంటాయి, లోపల మందంగా ఉన్నవి వేసుకోండి. గౌను నీళ్లమీద తేలుతుంది, ఆడపిల్లలకు చుడీదారు మేలు.

ఇంకోటి, పిల్లలకు ఎవరూ చెప్పనిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాతి సవరణలతో సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ–సీ కిందికి వస్తారు. దాని మీద వాదాలు చాలా ఉన్నాయి, అవి పెద్దల పని. కానీ మీ చదువు సీటుకు, ఉద్యోగానికి తగిలే సంగతి కాబట్టి బాప్తిస్మపు కాగితం మీద సంతకం పెట్టకముందే అమ్మానాన్నలతో కూర్చుని మాట్లాడుకోండి. బాప్తిస్మపు సర్టిఫికెట్‌లో పేరు, పుట్టినతేదీ బడి రికార్డుల్లో ఎలా ఉంటే అలాగే రాయించండి. కొత్త పేరు పెడతామంటే పాత పేరు పక్కనే ఉండేలా చూసుకోండి.

మీ
తాతయ్య