చుక్కకూర చుట్టం కట్టిన మేడ

బ్రహ్మకమలం రాత్రే ఎందుకు పూస్తుందని ఒక పాఠకురాలు అడిగారు. అర్ధరాత్రి ఇరుగుపొరుగును పిలిపించి హారతులు అందుకునే మన బాల్కనీ మొక్క మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ అండీ. అసలుది హిమాలయాల్లో ఉంటుంది, బంతి కుటుంబం. రాత్రి పూత సంగతి ఇంకోసారి. ఆ కొండల మాటెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది రీయం నోబిలే అనే మొక్క.

సిక్కిం, భూటాన్‌లలో 4,000 మీటర్ల పైన చాలా మొక్కలు నేలను కరుచుకుని బతుకుతుంటే, ఇది మనిషెత్తు లేస్తుంది. 1849లో సిక్కింలోని లాచెన్ లోయ నల్లరాళ్ల మీద దీన్ని చూసిన బ్రిటిష్ వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ హుకర్, మైలు దూరం నుంచే కనిపిస్తుందని రాశాడు. పుల్లటి దాని కాడను అక్కడివాళ్లు 'చుక' అని తింటారట. మన చుక్కకూరదీ ఇదే కుటుంబం మరి!

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. ఇది రెండూ ఒకేసారి చేస్తుంది. ఏళ్ల తరబడి ఆకుల గుత్తిగా కూర్చుని, సంపాదించినదాన్ని చేయంత లావు వేరులో దాస్తుంది. ఒక ఏడు అదంతా తీసి మేడ కడుతుంది. పై ఆకులు ఎండుగడ్డి రంగులో, నూనె కాగితంలా వెలుగు కనపడేంత పలచగా, పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి పూలను కప్పేస్తాయి. వెలుగు లోపలికొస్తుంది, అతినీలలోహిత కిరణాలను మాత్రం ఆ ఆకుల్లోని ఫ్లేవనాయిడ్లనే పదార్థాలు ఆపేస్తాయి. ఎండ కాస్తే లోపల 10 డిగ్రీల దాకా ఎక్కువ వేడి. వానకు పుప్పొడి తడవదు. కానీ ఆ ఆకుల్లో పచ్చదనం లేదు, కాబట్టి సంపాదనా లేదు. పొలం అమ్మి పందిరి వేయడమన్నమాట. బడిలో పువ్వు బొమ్మకు భాగాలు గుర్తించమంటారు గానీ, దానికి ఖర్చెంతని ఎవరూ అడగరు.

పెళ్లికొచ్చేవాళ్లూ ఊరికే రారు. దోమల్లాంటి చిన్న ఈగలు పుప్పొడి మోస్తూనే పూలలో గుడ్లు పెడతాయి, వాటి పిల్లలు కొన్ని గింజలు తినేస్తాయి. అవి భోజనాల ఖర్చు. మిగతా గింజలు ముదిరేసరికి మేడ ఎర్రగా ఎండి చిరుగుతుంది, మొక్క చస్తుంది. అరటీ గెల వేశాక చస్తుంది కదా అంటారేమో, దానికి పిలకలుంటాయి.

ఈ కుటుంబంలోనే బిస్టోర్టా వివిపరా అనే జానెడు కొండమొక్క వాయిదాల పద్ధతి పట్టింది. అమెరికాలోని కొలరాడోలో పమేలా డిగిల్ అనే వృక్షశాస్త్రవేత్త దాని మొగ్గలు విప్పి చూసి 1997లో తేల్చిందేమిటంటే, ఒక్క పూలకంకి మొదలై విచ్చుకోవడానికి 4 ఏళ్లు. ఈ ఏటి కంకి పైన ఊగుతుంటే, రాబోయే ఏళ్లవి మొగ్గలోపల వరసలో ఉంటాయి. పైగా కంకి అడుగున పూలకు బదులు గింజంత దుంపలు. ఈగ రాకపోయినా ఇవి రాలి మొలుస్తాయి. కొన్నిటికి తల్లి మీద ఉండగానే ఆకు వచ్చేస్తుంది.