బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదం లైసెన్సు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో ఆన్‌లైన్ జూదం కంపెనీలపై వచ్చే ఫిర్యాదులను పరిశీలించడం నా వృత్తి. "ఆ సైటుకు గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉందండీ, నా డబ్బు ఎక్కడికీ పోదు కదా?" అని అడగనివారు అరుదు. మనుషులను నిలువునా ముంచుతున్న అపోహ ఇదే.

జూదం కంపెనీలను నియంత్రించే ప్రభుత్వ సంస్థగా 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టంతో ఏర్పడిన ఈ కమిషన్, యజమానులెవరు, పెట్టుబడి ఎక్కడిది, కీలక పదవుల్లో ఉన్నవారు తగినవారేనా అని చూసిన తరువాతే లైసెన్సు ఇస్తుంది. నిబంధనలు తప్పితే జరిమానా వేస్తుంది, అవసరమైతే లైసెన్సును రద్దు చేస్తుంది. అంతేగాని మీ ఖాతాలోని నిల్వకు పూచీ పడదు. బ్యాంకు డిపాజిట్లకు ఉండే రక్షణ పథకం ఇక్కడ వర్తించదు. ఆటగాళ్ల సొమ్మును కంపెనీ వేరే ఖాతాలో ఉంచవలసిందే; అయితే దివాలా తీసినప్పుడు ఆ సొమ్ముకు అసలు రక్షణే ఉండదా, మధ్యస్థంగా ఉంటుందా, అధికంగా ఉంటుందా అన్నది కంపెనీయే తన షరతుల్లో తెలపాలి. రక్షణ లేదని ఉంటే, మిగిలిన అప్పులవాళ్లతో పాటు మీరూ వరుసలో నిలబడవలసినవారే.

ఒక పెద్దమనిషి గెలిచినదంతా ఖాతాలోనే ఉంచి, కంపెనీ మూతపడ్డాక నా దగ్గరకు వచ్చారు. మొదటిసారి డబ్బు వేసిన పేజీని తెరిచి చూస్తే, "దివాలా తీస్తే ఈ సొమ్ముకు రక్షణ లేదు" అన్న వాక్యం పక్కన ఆయన పెట్టిన టిక్కు కనిపించింది. ఆట మొదలుపెట్టే తొందరలో ఆ వాక్యాన్ని ఎందరు చదువుతారు? ఆయనను తప్పుపట్టలేను.

కమిషన్‌కు రాస్తే డబ్బు తిరిగి ఇప్పిస్తుందన్న పుకారును దయచేసి ఇంకొకరికి పంపకండి. అది వ్యక్తిగత వివాదాలను తీర్చదు, అది వేసే జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో తేలకపోతే, ఆ కంపెనీ పేర్కొన్న స్వతంత్ర వివాద పరిష్కార సంస్థకు వెళ్లవచ్చు, ఆటగాడికి అది ఉచితం.

విదేశీ లైసెన్సు చాలన్నది అబద్ధం: 2014 నుంచి బ్రిటన్‌లోని వారిని ఆడించే ఏ కంపెనీకైనా ఇక్కడి లైసెన్సు తప్పనిసరి. క్రెడిట్ కార్డుతో ఆడనివ్వడం 2020 ఏప్రిల్‌లోనే నిషిద్ధమైంది. జూదం మానాలని, తమను జూదం సైట్లలోకి రానివ్వకుండా చేసే గామ్‌స్టాప్ అనే సేవలో పేరు నమోదు చేసుకున్నవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: అది మిమ్మల్ని లైసెన్సు ఉన్న సైట్లలోకి పోకుండా మాత్రమే ఆపుతుంది, దొంగ సైట్లు సరిగ్గా మీ కోసమే కాచుకుని ఉంటాయి. పేజీ అడుగున ఉన్న లైసెన్సు సంఖ్యను ఎవరైనా కాపీ కొట్టగలరు కాబట్టి, కమిషన్ పబ్లిక్ రిజిస్టరులో ఆ సంఖ్య కింద అదే వెబ్ చిరునామా ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకోండి.