ఎండంతా టాపు మీదే

నెల్లూరు జిల్లా అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు, మోటార్లు బాగుచేసే మెకానిక్కులకు వ్యానే వర్క్‌షాపు. గట్ల మీద చెట్టు నీడ అరుదు. వేసవి రాగానే చాలామంది చేయించే పని ఒకటే: టాపుకు చిల్లి పెట్టి ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించడం. మంచిదే, కానీ అసలు శత్రువు లోపలి గాలి కాదు, నెత్తిన ఉన్న రేకు.

నెల్లూరు అక్షాంశం సుమారు 14.4 డిగ్రీలు. అందుకే ఏప్రిల్ నెలాఖరు మధ్యాహ్నాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఒంగోలులో ఇది మే మొదట్లో. రోహిణి కార్తెలో కూడా కాస్త ఉత్తరానికి ఒరుగుతాడంతే. కాబట్టి మిట్టమధ్యాహ్నం వ్యాను పక్కలకు తగిలే ఎండ తక్కువ, టాపుకు తగిలేది ఎక్కువ. మబ్బు లేకపోతే చదరపు మీటరుకు దాదాపు 1000 వాట్లు. చిన్న వ్యాను టాపు 4 చదరపు మీటర్లనుకుంటే, నాలుగు ఇస్త్రీపెట్టెలు ఆన్ చేసి పైన పెట్టినట్టే. తెల్ల పెయింటు ఇందులో పావు వంతు వరకే పీల్చుకుంటుంది, నల్లది దాదాపు అంతా మింగేస్తుంది. మిల్లీమీటరు మందమైనా లేని రేకు ఆ వేడిని ఆపదు.

లోపలికి 1 కిలోవాట్ వేడి చేరుతోందనుకుందాం. బయటికన్నా లోపల 5 డిగ్రీలకు మించి పెరగకూడదంటే గంటకు 650 ఘనపు మీటర్ల గాలి మారాలి. కంప్యూటర్లలో ఉండే 12 సెంటీమీటర్ల ఫ్యాను తోసేది గంటకు నూరు చుట్టుపక్కల. పైగా కింద గాలి వచ్చే దారి లేకపోతే ఎంత పెద్ద ఫ్యానైనా ఊరికే మొత్తుకుంటుంది. నేలకు దగ్గరగా, నీడ పడే వైపు ఒక జాలీ ఉండాలి.

టాపు మీద గుండ్రంగా తిరిగే వెంటిలేటరును జర్మన్ ఇంజనీరు ఆంటన్ ఫ్లెట్నర్ 1920ల్లో రూపొందించాడు. కరెంటు అక్కర్లేదు, బండి పరుగెత్తేటప్పుడు బాగా లాగుతుంది. గట్టున ఆగిందంటే గాలి దయ.

ఇంత చేసినా బయట 43 డిగ్రీలుంటే లోపల అంతకన్నా తగ్గదు. ఇంకో చిక్కూ ఉంది. 65 డిగ్రీలకు కాలిన రేకు చదరపు మీటరుకు దాదాపు 700 వాట్ల పరారుణ కిరణాలను కిందికి చిమ్ముతుంది. మన చర్మం తిరిగి చిమ్మేది 500 దాకానే. మధ్యలో గాలి ఎంత వీచినా ఆ కిరణాలు ఆగవు. ఫ్యాను తిరుగుతున్నా మాడు మండేది ఇందుకే.

టాపు లోపలివైపు అల్యూమినియం ఫాయిల్ ఉన్న థర్మాకోలు షీటు వేస్తే ఈ సెగ చాలావరకు తగ్గుతుంది, ఎందుకంటే మెరిసే అల్యూమినియం కిరణాలను చిమ్మడం చాలా తక్కువ. మెరిసే ముఖం మాత్రం ఖాళీ వైపు ఉండాలి. రేకుకూ థర్మాకోలుకూ మధ్య నొక్కుకుపోతే ఆ మెరుపు దండగ.

నన్నడిగితే అన్నిటికన్నా మేలైనది రెండో టాపు. అసలు టాపుకు కొన్ని అంగుళాల పైన, గాలి ఆడేలా, ఇంకో తెల్ల రేకు. పాత ల్యాండ్ రోవర్లకు ఎండ దేశాల కోసం ఇలాంటివే వచ్చేవి. ఎండంతా పైరేకే మోస్తుంది, సందులోని గాలి ఆ వేడిని పట్టుకుపోతుంది. ఏ లేత్ షెడ్డులోనైనా చేసిపెట్టగల పనే.

అంత ఖర్చు వద్దనుకుంటే టాపు మీద తడి గోనెపట్టాలు. లీటరు నీరు ఆవిరవుతూ సుమారు 2400 కిలోజౌళ్ల వేడి లాక్కుపోతుంది. పొడి పడమటి గాలి వీచేటప్పుడు ఇది భేషుగ్గా పనిచేస్తుంది, సముద్రపు గాలి తిరిగాక అంత చురుగ్గా ఉండదు. దగ్గరుంది కదా అని గుంట నీళ్లు మాత్రం పోయకండి. ఆ ఉప్పుకు టాపు తుప్పుపడుతుంది.