గాలెన్ తప్పులు, వెసేలియస్ తప్పులు

మన కింది దవడ ఒకటే ఎముక. గడ్డం పట్టుకుని ఈ చెవి నుంచి ఆ చెవి దాకా తడుముకుంటూ పోతే ఎక్కడా అతుకు తగలదు. కానీ యూరప్‌లో వైద్యం చదివినవాళ్లు వందల ఏళ్ల పాటు అది రెండు ఎముకలని వల్లె వేశారు, ఎందుకంటే రెండో శతాబ్దంలో గాలెన్ అనే గ్రీకు వైద్యుడు అలా రాశాడు. (1200 ప్రాంతంలో ఈజిప్టు కరువులో పడి ఉన్న అస్థిపంజరాలను చూసి అబ్దుల్ లతీఫ్ అల్ బాగ్దాదీ అనే పండితుడు అది ఒకటే ఎముకని రాశాడు, ఆ మాట పడమటివాళ్ల చెవిన పడలేదు.)

గాలెన్‌ని తిట్టడం తేలికే గానీ, రోమ్‌లో మనిషి శవాన్ని కోయనిచ్చేవాళ్లు కాదు. ఆయన కోతుల్ని, పందుల్ని, ఎద్దుల్ని కోసి మనిషి లోపల కూడా ఇలాగే ఉంటుందనుకున్నాడు. అసలు తప్పు తర్వాతివాళ్లది. ప్రొఫెసర్ ఎత్తైన కుర్చీలో కూర్చుని గాలెన్ పుస్తకం చదువుతుంటే కింద ఒక క్షురక వైద్యుడు శవాన్ని కోసేవాడు. పుస్తకంలో ఒకటి, బల్ల మీద ఇంకొకటి కనిపిస్తే పుస్తకమే నెగ్గేది.

1514లో బ్రస్సెల్స్‌లో పుట్టిన ఆండ్రియాస్ వెసేలియస్ ఆ కుర్చీ దిగి కత్తి తనే పట్టుకున్నాడు. ఎముకల పిచ్చి ఎంతంటే, 1536లో ఇప్పటి బెల్జియంలోని లూవెన్ ఊరి బయట ఉరికంబానికి వేలాడుతున్న ఒక దొంగ అస్థిపంజరాన్ని ముక్కలు ముక్కలుగా ఇంటికి చేరవేసి, పారిస్ నుంచి తెచ్చానని చెప్పుకున్నాడు! మరుసటి ఏడాదే ఇటలీలోని పాడువాలో ప్రొఫెసర్ అయ్యాడు. 1543లో, ఇంకా 29 నిండకముందే, స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఒపోరినస్ ప్రెస్సు నుంచి 'దే హుమానీ కార్పోరిస్ ఫాబ్రికా' తెచ్చాడు. మనిషి దేహ నిర్మాణం గురించి అని అర్థం. 600 పేజీలు దాటిన పెద్ద సైజు పుస్తకం, 200కు పైగా బొమ్మలు.

ఆ బొమ్మల దగ్గర కాసేపు ఆగాలి. బేరి చెక్కల మీద చెక్కించిన అచ్చులను వ్యాపారుల చేత వెనిస్ నుంచి ఆల్ప్స్ పర్వతాలు దాటించి బాసెల్‌కి పంపాడు. చర్మం ఒలిచిన మనిషి ఊళ్లూ కొండలూ వెనక పెట్టుకుని దర్జాగా నిలబడి ఉంటాడు, పేజీ తిప్పేకొద్దీ ఒక్కో పొర కండరాలు ఊడి వేలాడుతుంటాయి. నాకు మాత్రం అసలు గొప్పతనం బొమ్మల మీది బుల్లి అక్షరాల్లో కనిపిస్తుంది. బొమ్మలో ఏ ఎముక మీద ఏ అక్షరం ఉందో చూసి, పక్కనున్న వివరణలో అది వెతుక్కోవాలి. చేత్తో నకలు రాసే కాలంలో ఇది జరిగే పని కాదు, నాలుగు చేతులు మారేసరికి బొమ్మ వంకరపోతుంది. అచ్చులో మాత్రం పాడువాలో చూసినా పారిస్‌లో చూసినా అదే ఎముక, అదే అక్షరం.

పారిస్‌లో ఆయనకి పాఠం చెప్పిన సిల్వియస్ మండిపడ్డాడు. గాలెన్ తప్పు రాయలేదట, గాలెన్ కాలం తర్వాత మనుషుల శరీరాలే మారిపోయాయట.

అయితే వెసేలియస్ కూడా అన్నీ సరిగ్గా చెప్పలేదు. జంతువుల్ని చూసి రాశాడని గాలెన్‌ని ఏకిన ఈయన పుస్తకంలోనూ మూత్రపిండం బొమ్మ కుక్కది. గుండెలో రెండు వైపులకీ మధ్యనున్న గోడలోంచి రక్తం కారుతుందని గాలెన్ అంటే, కంటికి కనపడని రంధ్రాలు చేసిన దేవుడి పనితనం అంటూ 1543లో దాటేశాడు. 1555లో వచ్చిన రెండో కూర్పులో మాత్రం, అంత మందమైన గోడలోంచి చుక్క ఎలా దాటుతుందో తనకి అర్థం కావట్లేదని ఒప్పుకున్నాడు.

ఈ రెండు కూర్పులవీ కలిపి 700కు పైగా ప్రతులు ఇప్పటికీ ఉన్నాయి. చెక్క అచ్చులు నాలుగు శతాబ్దాలు చెక్కుచెదరకుండా ఉండి, 1934లో మళ్లీ ముద్రణకి కూడా పనికొచ్చి, రెండో ప్రపంచ యుద్ధంలో మ్యూనిక్ మీద పడ్డ బాంబులకి కాలిపోయాయి. మిగిలిన ప్రతుల్లో ఒకటి ప్రత్యేకం. కెనడా పాథాలజిస్టు ఒకాయన కొనుక్కున్న 1555 ప్రతి మార్జిన్ల నిండా లాటిన్‌లో చేతిరాత ఉంది, చూస్తే అది వెసేలియస్ రాతే. మూడో కూర్పు కోసం తన వాక్యాల్ని తనే కొట్టేసి, దిద్ది, బొమ్మల్లో సరిగ్గా కనపడని అక్షరాల్ని కూడా పట్టించుకున్నాడు. ఆ కూర్పు రాలేదు. 1564లో జెరూసలేం యాత్ర నుంచి తిరిగి వస్తూ ఆయన గ్రీకు దీవి జకింథోస్‌లో చనిపోయాడు. ఆ దిద్దిన ప్రతిని 2024లో వేలంలో సుమారు 22 లక్షల డాలర్లకి లూవెన్ యూనివర్సిటీ కొనుక్కుంది, అంటే అస్థిపంజరం ఎత్తుకుపోయిన ఊరికే పుస్తకం చేరింది.