కనిపించే శ్రమ, దాగిపోయే తప్పు

శ్రీకాకుళం తీరంలో ఒడ్డు నుంచి లాగే పెద్ద వలకు రెండు కొసలా రెండు తాళ్లుంటాయి. పడవ మీద వెళ్లి వలను సముద్రంలో అర్ధచంద్రాకారంగా విడిచి వచ్చాక, ఒక్కో తాడును ఒక్కో జట్టు పట్టుకుని ఇసుకలో మడమలు దిగేసి వెనక్కి నడుస్తూ లాగుతుంది. ఒక గొంతు పదం ఎత్తుకుంటే మిగిలినవారు 'హైలెస్సా' అని అందుకుంటారు. ఆ మాట మీదే అందరి బలమూ ఒక్కసారిగా తాడుకు చేరుతుంది. ఉద్యోగుల బృందాలు ఎప్పుడు బాగా పనిచేస్తాయి, ఎప్పుడు చతికిలపడతాయి అన్న విషయంపై జరిగిన శాస్త్ర పరిశోధన కూడా తాడు లాగడంతోనే మొదలైంది.

ఫ్రాన్సుకు చెందిన వ్యవసాయ ఇంజనీరు మాక్స్ రింగెల్మాన్ 1880లలో మనుషులు, పశువులు, యంత్రాలు ఎంత బరువు లాగగలవో కొలిచేవాడు. ఆయన 1913లో ప్రచురించిన లెక్కల ప్రకారం ఎనిమిది మంది కలిసి తాడు లాగినప్పుడు వచ్చిన బలం, ఆ ఎనిమిది మందీ విడివిడిగా చూపిన బలాల మొత్తంలో దాదాపు సగమే. ఒకరు లాగే క్షణం, మరొకరు లాగే క్షణం కలవకపోవడం ఇందుకు ఒక కారణం. హైలెస్సా పాట తీర్చేది ఈ లోపాన్నే. అయితే రెండో కారణం కూడా ఉండవచ్చన్న అనుమానం చాలాకాలం అలాగే ఉండిపోయింది. 1974లో అమెరికా పరిశోధకుడు ఆలన్ ఇంగమ్, ఆయన సహచరులు దాన్ని చక్కటి ఉపాయంతో తేల్చారు. కళ్లకు గంతలు కట్టిన మనిషిని తాడు ముందు భాగాన నిలబెట్టి, వెనక ఇంకొందరు లాగుతున్నట్టు నమ్మించారు. నిజానికి వెనకవాళ్లు లాగడం లేదు. పొంతన కుదరకపోవడమన్న సమస్యే లేని ఈ ఏర్పాటులో కూడా, తోడు ఉన్నారనుకున్న మనిషి తన బలాన్ని తగ్గించుకున్నాడు.

అమెరికా మనస్తత్వవేత్త బిబ్ లాటనే, ఆయన సహచరులు 1979లో చప్పట్లు, అరుపులతో ఇదే విషయాన్ని పరీక్షించి, గుంపులో మనిషి శ్రమ తగ్గించుకునే ఈ తీరుకు 'సోషల్ లోఫింగ్' అని పేరు పెట్టారు. 1981లో అదే బృందం మరో అడుగు ముందుకు వేసింది. ఎవరి అరుపు ఎంతో విడిగా నమోదవుతుందని చెప్పగానే ఈ తగ్గుదల మాయమైంది. కాబట్టి దీన్ని మనుషుల బద్ధకమని తేల్చేయడం అన్యాయం. తన వంతు ఎవరికీ కనిపించని చోట మనిషి తెలియకుండానే వెనక్కి తగ్గుతాడు.

ఈ పాఠాన్ని యజమానులు త్వరగానే ఒంటబట్టించుకున్నారు. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడి పరిశ్రమలో ఉడికించిన గింజను కట్టర్‌తో పగలగొట్టి, పప్పును బోర్మా అనే వేడి పెట్టెలో ఆరబెట్టి, పొట్టు తీసి, చివరకు గ్రేడు కడతారు. డబ్ల్యూ 240 అనే గ్రేడు అంటే పౌండు బరువుకు 220 నుంచి 240 గింజల దాకా తూగే గుండు పప్పు. బద్దలైతే ధర పడిపోతుంది. పొట్టు తీసే పనిని కిలోల లెక్కన తూచి కూలి కట్టే చోట ఎవరి శ్రమ ఎంతో దాపరికం లేదు. కాని జీడిపప్పు గుండుగా మిగలడం ఒక్కరి చేతిలో లేదు. బోర్మాలో వేడి చాలకపోతే పొట్టు ఊడదు, ఎక్కువైతే పప్పు పెళుసెక్కి వేళ్ల మధ్యే విరుగుతుంది. ఆ తేడా అందరికంటే ముందు తెలిసేది పొట్టు తీసే స్త్రీ వేళ్లకు. ఆమె లేచి వెళ్లి 'ఇయ్యాల సెగ ఎక్కువైంది' అని చెప్పగలదా లేదా అన్నదాన్ని ఏ త్రాసూ తూచదు. నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇదే, బృందాల గురించిన పుస్తకాలు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కూడా దీని మీదే.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు రెండు ఆసుపత్రుల నర్సింగ్ బృందాలలో మందుల పొరపాట్లను పరిశీలించింది. మంచి బృందాలలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఆమె ఊహించింది. లెక్కలు తిరగబడ్డాయి: మంచి బృందాలలోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. కారణం వెతికితే, అక్కడివారు తప్పులు ఎక్కువ చేయడం లేదు, చేసిన తప్పును భయపడకుండా చెప్పుకుంటున్నారని తేలింది. పెద్ద నర్సు కేకలు వేసే వార్డులో కాగితం మీద పొరపాట్లు తక్కువ, రోగికి ప్రమాదం ఎక్కువ. ఒక తయారీ సంస్థలోని 51 బృందాలపై 1999లో ఆమె ప్రచురించిన అధ్యయనం ఈ 'మానసిక భద్రత' ఉన్నచోటే బృందం నేర్చుకుంటుందనీ, నేర్చుకునే బృందమే పని బాగా చేస్తుందనీ చూపింది. 2010లో అమెరికా పరిశోధకురాలు అనితా వూలీ బృందం 699 మందిని చిన్న జట్లుగా చేసి పరీక్షించినప్పుడు కూడా, సభ్యుల తెలివితేటల సగటు కంటే ఒకరి ముఖం చూసి మనసు పోల్చుకోగలగడం, మాట్లాడే అవకాశం అందరికీ సమంగా దక్కడం అన్నవే జట్టు సామర్థ్యాన్ని బాగా సూచించాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. శ్రమ కనిపించేలా చేయడానికి పెట్టిన లెక్కే తప్పును దాచిపెట్టేలా కూడా చేయగలదు. విరిగిన ప్రతి పప్పుకూ కూలి కోసే చోట విరిగిన పప్పు సంచి అడుక్కు పోతుంది, బోర్మా మాత్రం మర్నాడూ అలాగే కాలుతుంది.

ఆదేశం జారీ చేసి ఈ చిక్కును విడదీయలేము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన శస్త్రచికిత్స చెక్‌లిస్టులో, కోత పెట్టే ముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలన్న అంశం ఉంది. ఒకసారి గొంతు విప్పినవారు తేడా కనిపించినప్పుడు మళ్లీ విప్పుతారన్నది అందులోని ఆలోచన. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రులలో దీన్ని అమలు చేశాక మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో తేలింది. ఇలాంటి చెక్‌లిస్టునే కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రులన్నిటికీ తప్పనిసరి చేసినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదని 2014 నాటి అధ్యయనం చెప్పింది.

జీడి షెడ్డుకు ఇది వర్తించే తీరు నాకు ఇలా తోస్తుంది. బోర్మా నుంచి ట్రేలన్నీ దించకముందే గుప్పెడు పప్పు తీసి, పొట్టు తీసే ఇద్దరు ముగ్గురి చేతికిచ్చి, ఎలా ఉందో మేస్త్రీ తానే అడగాలి. బాగులేదని వారు చెప్పిన రోజున సెగ సరిచేసి, ఆ సరుకులో విరిగిన బద్దలను వారి కూలి లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే మరుసటి రోజు అదే ప్రశ్నకు 'బాగానే ఉంది' అన్న జవాబే వస్తుంది.