అలవాటు కాకముందే అడగాలి

రోజూ తాగితేనే సిగరెట్ అలవాటవుతుందని, ఎప్పుడో ఒకటి లాగితే ఏమీ కాదని చాలామంది నమ్మకం. వైద్య సిబ్బందిలోనూ కొందరు అలాగే అనుకుంటారు. అందుకే పదిహేనేళ్ల కుర్రాడు "వారానికి ఒకటో రెండో, అదీ ఫ్రెండ్స్‌తో ఉంటేనే" అని చెబితే, ఇంకా చేయి దాటలేదులే అని వదిలేస్తారు. నిజానికి గట్టిగా పట్టించుకోవాల్సింది ఆ దశలోనే.

అమెరికాలోని మసాచుసెట్స్‌లో జోసెఫ్ డిఫ్రాంజా అనే వైద్యుడు, ఆయన సహచరులు 12, 13 ఏళ్ల పిల్లలను ఏడాదిపాటు గమనించి, 2000లో ఫలితాలు ప్రచురించారు. రోజూ తాగే స్థితికి రాకముందే చాలామందిలో వ్యసన లక్షణాలు కనిపించాయి. కొందరిలోనైతే నెలకు కనీసం ఒకసారి తాగడం మొదలెట్టిన నాలుగు వారాల్లోపే. కొద్దిపాటి సిగరెట్లకే కొందరు పిల్లలు ఇంత త్వరగా చిక్కుకుంటారన్నది వైద్యులు అప్పటిదాకా అంతగా ఊహించని విషయం.

దీనికి కారణం మెదడులో ఉంది. పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడుకు చేరుతుంది. నరాల మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకోవడానికి అక్కడ గ్రాహకాలనే కొన్ని అమరికలు ఉంటాయి. నికోటిన్ వాటికి అతుక్కుని, డోపమైన్ అనే మరో రసాయనం విడుదలయ్యేలా చేస్తుంది. అదే హాయి. ఇది పదేపదే జరిగితే ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. అవి ఖాళీగా ఉన్నప్పుడు చిరాకు, ఏకాగ్రత లేకపోవడం, ఏదో వెలితి మొదలవుతాయి. పైగా టీనేజ్ మెదడు ఇంకా తయారవుతున్న మెదడు. కోరికను ఆపుకుని, ముందూ వెనకా ఆలోచించే ముందుభాగం అన్నిటికంటే ఆలస్యంగా, ఇరవై దాటిన కొన్నేళ్లకు గానీ పూర్తిగా ఎదగదు. రోజూ తాగే పెద్దవాళ్లలో పదిమందికి దాదాపు తొమ్మిదిమంది మొదటి సిగరెట్ 18 ఏళ్లలోపే ముట్టించారని అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య ప్రతినిధి అయిన సర్జన్ జనరల్ 2012 నివేదిక చెబుతోంది.

సిగరెట్ తాగితే టెన్షన్ తగ్గుతుందని పిల్లలు చెప్పే మాట పూర్తిగా అబద్ధం కాదు. వాళ్లకు నిజంగానే తగ్గినట్టు అనిపిస్తుంది. కానీ రక్తంలోని నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతుంది. అప్పుడు పుట్టే చిరాకులో చాలాభాగం ఆ సిగరెట్ తెచ్చిపెట్టిందే. తర్వాతి సిగరెట్ తీర్చేది ఆ చిరాకునే. ఈ సంగతి ఏ వయసు పిల్లలకైనా అర్థమయ్యేలా చెప్పవచ్చు. నా ఉద్దేశంలో క్యాన్సర్ ఫొటోల కంటే ఇది బాగా పనిచేస్తుంది.

మరి చెప్పేదెవరు? సిగరెట్ మానిపించమని తనంతట తాను ఆసుపత్రికి వచ్చే టీనేజర్ అరుదు. తగ్గని దగ్గు, బెణికిన మడమ, మొటిమలు, టీకా, ఆటల పోటీలకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వంటి పనుల మీద వస్తారు. డాక్టర్ కంటే ముందు వాళ్లను చూసేది బరువు, బీపీ రాసుకునే నర్సు. ఆ కొద్ది నిమిషాలు చాలా విలువైనవి.

దగ్గుతో వచ్చిన అబ్బాయినే తీసుకోండి. పక్కన అమ్మ ఉంది. "సిగరెట్ తాగుతావా?" అని అక్కడే అడిగితే "లేదు సిస్టర్" అనే అంటాడు. ఇంకేమంటాడు? "ఈ వయసు పిల్లలతో కాసేపు విడిగా మాట్లాడటం మా పద్ధతి, ఒక్క ఐదు నిమిషాలు బయట కూర్చోండమ్మా" అని ఆవిడను పంపాలి. అబ్బాయికి కూడా ముందే చెప్పాలి: "నీ ప్రాణానికి ప్రమాదం ఉంటే తప్ప నువ్వు చెప్పింది నీకు తెలియకుండా ఇంకొకరికి చెప్పను." తర్వాత నేరుగా అతని మీదికి వెళ్లకుండా "మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా తాగుతారా? నీకెప్పుడైనా ఇచ్చారా?" అని మొదలుపెడితే మాట కలుస్తుంది. ఈ-సిగరెట్ (వేప్) గురించి విడిగా అడగాలి. వేప్‌ను పిల్లలు సిగరెట్ లెక్కలో వేయరు. కానీ అందులో నికోటిన్ ఉండటమే కాదు, నికోటిన్ లవణాలు వాడినవి గొంతులో అంతగా మండవు కాబట్టి మోతాదు ఎక్కువైనా తెలియదు.

అప్పుడప్పుడు తాగుతానని ఒప్పుకుంటే, రోజుకెన్ని అన్నది పెద్ద ప్రశ్న కాదు. డిఫ్రాంజా బృందం తయారుచేసిన పది ప్రశ్నల పట్టీ ఒకటుంది. మానాలనుకుని మానలేకపోయావా, తాగాలని గట్టిగా అనిపిస్తుందా, తాగకూడని చోట ఆపుకోవడం కష్టమవుతోందా, తాగకపోతే చిరాకొస్తోందా, ఇలా ఉంటాయి. ఒక్కదానికి అవునన్నా నికోటిన్ పట్టు మొదలైనట్టే. ఆ అవును తన నోటినుంచే రావడంలో ఎంతో తేడా ఉంది. "ఎప్పుడంటే అప్పుడు మానేస్తా" అని అప్పటిదాకా అనుకున్నవాడు అక్కడ ఆగి ఆలోచిస్తాడు.

కాసేపు మాట్లాడితే ఏమవుతుందని అనుకోకూడదు. పెద్దవాళ్ల విషయంలో దీనికి పాత రుజువే ఉంది. లండన్‌లో మైఖేల్ రసెల్ బృందం 1979లో ప్రచురించిన పరిశోధనలో, కుటుంబ వైద్యులు ఒకటి రెండు నిమిషాలు సలహా ఇచ్చి, ఒక కరపత్రం చేతిలో పెట్టి, మళ్లీ వచ్చి అడుగుతామని చెప్పినవాళ్లలో 5.1 శాతం మంది మానేసి, ఏడాది తర్వాతా ముట్టుకోలేదు. ఏమీ చెప్పనివాళ్లలో అది 0.3 శాతమే.

టీనేజర్ల విషయంలో చిత్రం ఇంత స్పష్టంగా లేదు. అమెరికాలో జబ్బుల నివారణపై సిఫారసులు చేసే నిపుణుల బృందం (నివారణ సేవల కార్యదళం) 2020లో, పిల్లలు పొగాకు మొదలుపెట్టకుండా ప్రాథమిక వైద్య సిబ్బంది కౌన్సెలింగ్ చేయాలని సిఫారసు చేసింది. ఇప్పటికే తాగుతున్న పిల్లలను మాన్పించే పద్ధతుల మీద మాత్రం తగినన్ని రుజువులు లేవంది. సిగరెట్ మాన్పించడానికి పెద్దలకు ఇచ్చే వరెనిక్లిన్ అనే మందు పిల్లల్లో ఆశించినంత పనిచేయలేదు. కాబట్టి మాటకే బరువెక్కువ. ఆ మాట కూడా దగ్గరి సంగతుల గురించి ఉండాలి. తాగే టీనేజర్లలో ఊపిరితిత్తుల ఎదుగుదల మందగిస్తుందని, అమ్మాయిల్లో ఆ నష్టం ఎక్కువని 1996లో వచ్చిన ఒక పెద్ద పరిశోధన చూపింది. ఫుట్‌బాల్ ఆడే పిల్లకు నలభై ఏళ్ల తర్వాత రాబోయే జబ్బు కంటే ఈ ఏడాది ఆటలో తగ్గే దమ్ము గురించి చెబితే చెవికెక్కుతుంది. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ కొలిచే చిన్న మీటరు ఉంటే ఇంకా మంచిది. ఆమె ఊదగానే అంకె కనిపిస్తుంది, మానేసిన ఒకటి రెండు రోజులకే అది పడిపోవడం కూడా తనే చూసుకుంటుంది.

మానేశాక చిరాకు, అశాంతి మొదటి వారంలోనే తీవ్రంగా ఉండి, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. అందుకని "నెల తర్వాత రా" అంటే పనికిరాదు. మూడో రోజో నాలుగో రోజో పలకరించాలి, ఫోన్ చేయాలంటే ఏ నంబరుకు చేయాలో ఆ పిల్లనే అడిగి తీసుకోవాలి. మళ్లీ ఒకటి తాగానని చెబితే తిట్టకూడదు. ఎక్కడ, ఎవరితో ఉన్నప్పుడు తాగిందో అడిగి, అలాంటి చోట ఈసారి ఏం చేస్తే బాగుంటుందో ఇద్దరూ కలిసి ఆలోచించాలి. ఇంట్లో ఎవరైనా తాగుతున్నారా అన్నదీ కనుక్కోవాలి. తండ్రి తాగుతుంటే, ఆయన బీపీ చూపించుకోవడానికి వచ్చిన రోజున ఆయన్నీ ఇదే ప్రశ్న అడగాలి, కూతురు చెప్పిందేమీ బయటపెట్టకుండా.