సెంట్రల్ పార్క్ బల్ల దగ్గర లేని మనిషి

ఆగస్టు 26 వస్తోందంటే చాలు, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని మూడు కంచు విగ్రహాల మీద వాదన మళ్లీ రాజుకుంటుంది. అమెరికాలో మహిళల ఓటు హక్కుకు నూరేళ్లు నిండిన రోజున, 2020లో వాటిని ఆవిష్కరించారు. 2018 నాటి నమూనాలో ఓటు హక్కు ఉద్యమాన్ని నడిపిన తెల్లజాతి నాయకురాళ్లు ఎలిజబెత్ కేడీ స్టాంటన్, సూసన్ బి. ఆంథనీ ఇద్దరే ఉన్నారు. నల్లజాతి మహిళలు ఏరీ అని నిలదీశాక, బానిసత్వం నుంచి బయటపడి ఉపన్యాసకురాలైన సొజర్నర్ ట్రూత్‌కు 2019లో వాళ్ల బల్ల దగ్గర కుర్చీ వేశారు. ఇలా కలిపి కూర్చోబెడితే వాళ్ల మధ్య నడిచిన గొడవ కనపడకుండా పోతుందని విమర్శ. 1867లో ట్రూత్ న్యూయార్క్ వచ్చినప్పుడు స్టాంటన్ ఇంట్లోనే దిగారు కదా, ఒకే బల్ల దగ్గర కూర్చోబెడితే తప్పేముందని సమర్థించేవాళ్లు అడుగుతారు. దిగిన మాట నిజమే. గొడవ అంతకు ఏడాది ముందే మొదలైంది. దాన్ని ఎత్తిచూపిన ఫ్రాన్సిస్ హార్పర్‌కు ఆ బల్ల దగ్గర చోటే లేదు.

అమెరికాలో మహిళా హక్కుల తొలి సభగా పేరున్న 1848 సెనెకా ఫాల్స్ సభ గురించి ఎక్కడైనా దొరుకుతుంది, వదిలేద్దాం. చూడాల్సింది 1866 మే 10. న్యూయార్క్‌లో ఒక చర్చిలో జాతీయ మహిళా హక్కుల సభ. బానిసత్వానికి వ్యతిరేకంగా పన్నెండేళ్లుగా ఊరూరా ఉపన్యాసాలిస్తున్న కవయిత్రి ఫ్రాన్సిస్ ఎలెన్ వాట్కిన్స్ హార్పర్ లేచారు. ఈ వేదికకు తాను కొత్త అంటూనే ఇంటి సంగతి ఎత్తుకున్నారు. ఒహాయోలో వెన్న తీసి కొలంబస్ సంతకు పంపేవారు. భర్త అప్పులతో పోయారు. మూడు నెలలు తిరక్కుండానే పాలకుండలు, బట్టలుతికే తొట్లతో సహా జప్తు చేసి పట్టుకుపోయారు. మిగిల్చింది ఒక్క అద్దం. పోయింది నేనైతే ఆయనకు ఈ గతి పట్టేదా అని ఆవిడ ప్రశ్న.

అక్కడిదాకా సభలో అందరి గోడూ అదే. తర్వాతే సూటిగా గుచ్చారు: మీరు హక్కుల గురించి మాట్లాడుతున్నారు, నేను అన్యాయాల గురించి మాట్లాడుతున్నాను. తెల్లజాతి ఆడవాళ్లు ఆకాశం నుంచి రాలిన మంచుబిందువులని నేను నమ్మను. ఫిలడెల్ఫియాలో ట్రాముబండి ఎక్కితే నన్ను బయట బండివాడి పక్కకు పంపుతారు. ఆడదానిగా పడే అన్యాయాన్నీ నల్లమనిషిగా పడే అన్యాయాన్నీ విడదీయలేమని అంత తేటగా ఆ వేదిక మీద చెప్పినవాళ్లు నాకైతే ఇంకెవరూ కనిపించరు.

అదే సభ సమాన హక్కుల సంఘంగా మారింది. మూడేళ్లు నిలిచింది. మాజీ బానిసలకు పౌరసత్వమిచ్చిన రాజ్యాంగ 14వ సవరణలో 'పురుషులు' అన్న మాట చేరిందని స్టాంటన్ మండిపడ్డారు, అందులో న్యాయముంది. కానీ చదువురాని నల్లవాళ్లు, వలసవాళ్లు మనకు చట్టాలు చేస్తారా అని రాసిందీ ఆవిడే. 1869 సభలో, ముందు నల్లజాతి పురుషుల ఓటు అన్నారు, బానిసత్వం నుంచి తప్పించుకుని నల్లజాతి నాయకుడైన ఫ్రెడరిక్ డగ్లస్. వాళ్లను నల్లవాళ్లయినందుకే దీపస్తంభాలకు ఉరితీస్తున్నారని చెప్పారు. నల్లజాతి స్త్రీల సంగతీ అంతే కదా అని ఎవరో అరిచారు. అవును, అయితే ఆడది కావడం వల్ల కాదు, నల్లమనిషి కావడం వల్ల అన్నారాయన. దేశం ఒక్క ప్రశ్ననే మోయగలిగితే, ఆ మగవాళ్ల దారికి నల్లజాతి స్త్రీలు గడ్డిపోచైనా అడ్డం పెట్టకూడదని హార్పర్ అన్నారు. నల్లజాతిలో మగవాళ్లకే హక్కులొస్తే ఆడవాళ్లకు వాళ్లే యజమానులవుతారని 1867లో ట్రూత్ హెచ్చరించారు. డగ్లస్ భయమూ, ట్రూత్ భయమూ నిజమే. సంఘం మాత్రం చీలిపోయింది.

స్టాంటన్, ఆంథనీ, మెటిల్డా గేజ్ కలిసి 1881 నుంచి ఉద్యమ చరిత్రను సంపుటాలుగా అచ్చేశారు. హార్పర్ 1866 ప్రసంగం అందులో లేదు. ట్రూత్ 1851లో ఒహాయోలోని ఏక్రన్‌లో చేసిన ప్రసంగం ఉంది, ఆ సభకు అధ్యక్షత వహించిన ఫ్రాన్సిస్ గేజ్ (మెటిల్డా కాదు, వేరే ఆవిడ) పన్నెండేళ్ల తర్వాత గుర్తు చేసుకుని రాసిన రూపంలో. నెల తిరక్కుండా ఒహాయో పత్రికలో వచ్చిన పాఠంలో 'నేను ఆడదాన్ని కానా' అన్న పల్లవే లేదు. ట్రూత్ పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలో, మొదట నేర్చింది డచ్చి భాష. పుస్తకంలో ఆవిడ దక్షిణాది యాసలో మాట్లాడతారు. పిల్లలు ఐదుగురైతే పదముగ్గురని ఉంటుంది. ఈనాటికీ పోస్టర్ల మీద కనిపించేవి ఆ పుస్తకంలోని మాటలే.